మీకు తెలుసా? బీఎంవై యార్డులో మాటే జేసన్‌లోనూ ఉంది

భిలాయి అంటే ఉక్కు కర్మాగారం గుర్తొస్తుంది అందరికీ. చరోదా అంటే ‘అదెక్కడ?’ అంటారు. దుర్గ్ నుంచి రాయ్‌పుర్ వెళ్ళే రైల్లో భిలాయి-3 దాటాక కిటికీ పక్కన పట్టాలు చీలి, మళ్ళీ చీలి, చూపు ఆనినంత మేరా గూడ్సు డబ్బాలే కనిపిస్తే అదే చరోదా. ఆ యార్డు పూర్తి పేరు భిలాయి మార్షలింగ్ యార్డ్. అంత పొడుగు పేరు ఊళ్ళో ఎవరూ అనరు. బీఎంవై అంటారు. ‘మీదే ఊరు?’ అనడిగితే ‘బీఎంవై చరోదా’ అని కలిపే చెబుతారు.

విజయనగరం నుంచి రాయ్‌పుర్‌కు రైలు దారి 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువులకు వచ్చి ఇక్కడే క్వార్టర్లలో ఉండిపోయిన తెలుగువాళ్ళలో మా మేనమామ ఒకడు. యార్డులో ట్రెయిన్స్ క్లర్కు. పాతకాలం మాటలో నంబర్ టేకర్. వచ్చిన బండి పక్కనే ఒక కొస నుంచి ఇంకో కొసకు నడుస్తూ ప్రతి డబ్బా నంబరూ రాసుకోవడం ఆయన పని. నేను ప్రోగ్రాములు రాసుకుని బతుకుతాను. కంప్యూటర్ జ్ఞాపకంలో ఉన్న వస్తువును, అదే ఆబ్జెక్టును, అక్షరాల వరుసగా మార్చి ఇంకో కంప్యూటర్‌కు పంపడం నా పనిలో సగం. అలా మార్చడాన్ని సీరియలైజేషన్ అంటారు. ఆ అక్షరాల వరుసను ఇప్పుడు ఎక్కువమంది రాసే తీరు పేరు జేసన్. మార్చే పనిముట్టు ఇప్పుడు చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఇంట్లోనే ఉంటుంది.

మామయ్య పనీ నా పనీ ఒకటేనని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

‘మార్షల్’ అన్న మాట యార్డులోనూ, ప్రోగ్రాములోనూ ఒకటే అని మీకు తెలుసా?

గూగుల్‌లో పుట్టిన గో భాషలో ఆబ్జెక్టును జేసన్‌గా మార్చే ఫంక్షన్ పేరు ‘మార్షల్’. తిరిగి విప్పేది ‘అన్‌మార్షల్’. పైథాన్‌లో మార్షల్ అని ఒక మాడ్యూలే ఉంది, రూబీలోనూ ఉంది. వాళ్ళెవరూ చరోదా చూసి ఆ పేరు పెట్టలేదు గానీ, చేసే పని మాత్రం అదే. నానా దిక్కుల నుంచి వచ్చిన డబ్బాలను విప్పి, ఎవరి వెనక ఎవరు పోవాలో తేల్చి, కొత్త వరుసలో బండి కట్టి పంపడం.

అసలు మాట ఇంకా పాతది. పాత జర్మానిక్ భాషల్లో గుర్రం అనే మాటకు సేవకుడు అనే మాట కలిస్తే పుట్టింది. గుర్రాలు చూసుకునేవాడు మెల్లగా సేనాధిపతి అయ్యాడు, ఆ తరవాత డబ్బాలు సర్దేవాడయ్యాడు. మనకూ ఇలాంటి మాట ఒకటుంది. కాకతీయుల కాలంలో గుర్రపు దళం పెద్దను ‘సాహిణి’ అనేవారు. గణపతిదేవుడి దగ్గర ఏనుగుల దళాన్ని చూసిన జాయప సేనానికి ‘గజసాహిణి’ అని బిరుదు. నృత్తరత్నావళి రాసింది ఆయనే. గో భాషను మన ఓరుగల్లులో కనిపెట్టి ఉంటే ఆ ఫంక్షన్ పేరు సాహిణి అయ్యేదేమో!

సీరియలైజేషన్‌కూ వారపత్రికలో సీరియల్‌కూ చుట్టరికం ఉందని?

రెండింటికీ మూలం లాటిన్‌లో ‘గుచ్చడం, వరుసగా కలపడం’ అనే అర్థమున్న ధాతువు. నవల మొత్తం ఒకేసారి వారపత్రికలో పట్టదు, అందుకని వారానికింత అని తెంచి వరుసగా ఇస్తారు. చదివేవాడి బుర్రలో అది మళ్ళీ ఒక్క నవల అవుతుంది. కంప్యూటర్ జ్ఞాపకంలో ఆబ్జెక్టు కూడా ఒక్కచోట కుదురుగా ఉండదు. పేరు ఒక మూల, చిరునామా ఒక మూల, వాటిని కలిపే దారాలు ఇంకెక్కడో. తీగ మీద పోవాలంటే ఒక అక్షరం వెనక ఒక అక్షరంగా, దండలా గుచ్చాలి.

గూడ్సు డబ్బా మీద ఉండే 11 అంకెలు దాని జాతకం అని మీకు తెలుసా?

ఇది కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. భారతీయ రైల్వే డబ్బా మీద తెల్లరంగుతో రాసి ఉండే నంబరు ఊరికే లెక్క కోసం వేసింది కాదు. మొదటి రెండంకెలు అది ఏ రకం డబ్బానో చెబుతాయి. 10 నుంచి 29 దాకా అయితే పైన మూత లేనిది, 30ల్లో ఉంటే మూత ఉన్నది. తరవాతి రెండు ఏ రైల్వే జోన్ సొత్తో చెబుతాయి. ఆ పైన రెండు తయారైన సంవత్సరం. తరవాత నాలుగంకెలు దాని సొంత నంబరు. ఆఖరిది, పదకొండోది, కాపలా అంకె.

ఆ కాపలా అంకె ఎలా వస్తుందో మామయ్య నాకు బీడీ కట్ట వెనక రాసి చూపించాడు. మొదటి పదంకెల్లో సరి స్థానాల్లో ఉన్నవి, అంటే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పదో స్థానాల్లోవి, కూడి మూడింతలు చెయ్యాలి. బేసి స్థానాల్లోవి మామూలుగా కూడాలి. రెండూ కలిపితే వచ్చిన దాన్ని పై పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే పదకొండో అంకె. ఉదాహరణకు 2209123457 అనుకోండి. సరి స్థానాల్లో 2, 9, 2, 4, 7. మొత్తం 24, మూడింతలు 72. బేసి స్థానాల్లో 2, 0, 1, 3, 5. మొత్తం 11. రెండూ కలిపితే 83. తొంభైకి ఏడు తక్కువ. కాబట్టి పూర్తి నంబరు 22091234577. కిరాణా సరుకు మీద బార్‌కోడ్ ఆఖరి అంకె కూడా ఇలా మూడింతల లెక్కతోనే వస్తుంది.

చీకట్లో, వానలో, లాంతరు వెలుగులో నంబరు రాసుకునే మనిషి 9ని 4గా చూస్తే? సరి స్థానాల మొత్తం 19 అవుతుంది, మూడింతలు 57, పదకొండు కలిపితే 68. కాపలా అంకె 2 కావాలి, డబ్బా మీద 7 ఉంది. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

దీంతో పోలిస్తే జేసన్‌కు ఈ కాపలా లేదు. ఫైలు సగంలో తెగితే, ఆఖరి బ్రాకెట్టు లేకపోతే విప్పే పనిముట్టు గోల చేస్తుంది. లోపల ఒక 9 కాస్తా 4 అయితే నోరెత్తదు.

అయితే జేసన్‌కు ఎందుకంత గిరాకీ?

పదకొండంకెల నంబరు చిన్నదే, కానీ చదవాలంటే పుస్తకం ఉండాలి. 22 అంటే ఏమిటో, మూడో నాలుగో అంకెలు ఏ జోనో తెలియనివాడికి అది ఒట్టి అంకెల గుంపు. జేసన్ తన పేర్లను తనే మోసుకెళుతుంది. ఇదిగో, ఇది నిఖార్సైన జేసన్, ఏ భాషకిచ్చినా విప్పుతుంది:

{"రకం": 22, "జోన్": "09", "తయారీ": 2012, "సొంత నంబరు": "3457", "సరుకు": ["ఇనుప ఖనిజం"], "ఎక్కడినుంచి": "దల్లీ రాజహరా"}

పేరు, రెండు చుక్కలు, విలువ. మీసాల బ్రాకెట్టులో పెడితే ఆబ్జెక్టు, చదరపు బ్రాకెట్టులో పెడితే జాబితా. వెయ్యి డబ్బాలుంటే ‘సొంత నంబరు’ అన్న మాట వెయ్యిసార్లు రాయాల్సిందే. బరువే. కానీ చదివేవాడికి పుస్తకం అక్కర్లేదు. బరువుకు ఒప్పుకుని సుళువును కొనుక్కున్నారు లోకమంతా.

జోన్‌నూ, సొంత నంబరునూ నేను కోట్ గుర్తుల మధ్య ఎందుకు పెట్టానో గమనించారా? జేసన్‌లో అంకె ముందు సున్నా నిషిద్ధం. 09 అని ఒట్టిగా రాస్తే ఫైలు మొత్తం చెల్లదు. కూడికలూ తీసివేతలూ చెయ్యని నంబరు ఏదైనా, ఫోనుదైనా డబ్బాదైనా, మాటగా పంపడమే మేలు.

మొదటి జేసన్ సందేశం పట్టాలు తప్పిందని మీకు తెలుసా?

డగ్లస్ క్రాక్‌ఫర్డ్, చిప్ మార్నింగ్‌స్టార్ అనే ఇద్దరు 2001లో తమ చిన్న కంపెనీలో దీన్ని మొదట పంపి చూశారు. వెళ్ళలేదు. కారణం వింటే నవ్వొస్తుంది. సందేశంలో ఒక పేరు ‘డూ’. జావాస్క్రిప్ట్‌లో ‘డూ’ అనేది భాష తనకోసం అట్టే పెట్టుకున్న మాట, మనం పేరుగా వాడకూడదు. అలా రిజర్వు చేసిన మాటల జాబితా మొత్తం జేసన్ నియమాల్లో రాయడమెందుకని, ‘పేర్లన్నీ కోట్ గుర్తుల మధ్యే ఉండాలి’ అని ఒక్క నియమం పెట్టేశారు. ఇవాళ జేసన్‌లో ప్రతి పేరుకూ అటూ ఇటూ గుర్తులు కొట్టి వేళ్ళు నొప్పెట్టినవాళ్ళు ఆ ‘డూ’ని తలుచుకోవచ్చు.

క్రాక్‌ఫర్డ్ తను జేసన్‌ను కనిపెట్టానని అనడు, దొరికిందంటాడు. అప్పటికే జావాస్క్రిప్ట్‌లో ఉన్న రాత పద్ధతికి పేరు పెట్టి 2002లో ఒక వెబ్‌సైట్‌లో నియమాలు రాశాడు, అంతే. తన సాఫ్ట్‌వేర్ లైసెన్సులో మాత్రం ఒక చిత్రమైన షరతు పెట్టాడు: దీన్ని మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు. ఏది మంచి ఏది చెడు అని ఎవరు తేలుస్తారని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘాలవాళ్ళు దాన్ని స్వేచ్ఛా లైసెన్సుగా ఒప్పుకోలేదు. సదుద్దేశం కూడా కొన్నిసార్లు గేటు దగ్గర ఆగిపోతుంది.

జేసన్‌లో మీ సొంత వ్యాఖ్య ఒక్కటి కూడా రాయకూడదని?

మొదట్లో రాయనిచ్చేవారు. కొందరు ఆ వ్యాఖ్యల్లో ‘దీన్ని ఇలా చదువు, అలా చదువు’ అని విప్పే పనిముట్లకు రహస్య ఆజ్ఞలు దాచడం మొదలుపెట్టారు. అది చూసి క్రాక్‌ఫర్డ్ వ్యాఖ్యలనే పీకేశాడు. జేసన్‌కు వెర్షన్ నంబరు కూడా పెట్టలేదు. మారదు కాబట్టి అక్కర్లేదన్నాడు. 2006లో ఇంటర్నెట్ సమాచార పత్రంగా, 2013లో ఎక్మా సంస్థ ప్రమాణంగా, 2017లో ఇంటర్నెట్ ప్రమాణంగా అచ్చేశారు గానీ, సరుకు మాత్రం అదే.

మీ ఆదాయపు పన్ను రిటర్నూ జేసన్ అని?

భిలాయి-3లో పద్దులు చూసిపెట్టే దుకాణానికి వెళ్ళి నిలబడండి. ప్రోగ్రామింగ్ వాసన కూడా తెలియని కుర్రాడు ‘భయ్యా, జేసన్ బన్ గయా, అప్‌లోడ్ కర్ దూఁ?’ అంటాడు. ఆదాయపు పన్ను శాఖ 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి పాత ఎక్స్‌ఎంఎల్ బదులు జేసన్ తీసుకుంటోంది. జీఎస్‌టీ ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబర్ 1న 500 కోట్ల పైబడ్డ వ్యాపారాలతో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటిన వ్యాపారాల దాకా దిగింది. అదీ జేసనే. ఇనుప తుక్కు కొని అమ్మే వ్యాపారి బిల్లు కొట్టగానే, వెనకాల ఏదో ఒక ప్రోగ్రాములో ‘బిల్లు’ అనే ఆబ్జెక్టు వరుసగా విడిపోయి ప్రభుత్వం కంప్యూటర్‌కు చేరుతుంది. అక్కణ్ణుంచి 64 అక్షరాల గుర్తింపు సంఖ్యతో తిరిగొస్తుంది. ఆ సేటుకు ఇదంతా అక్కర్లేదు, ‘జేసన్ అటక్ గయా’ అన్నప్పుడు మాత్రం బీపీ పెరుగుతుంది.

తేదీ అనేది జేసన్‌కు తెలియనే తెలియదని మీకు తెలుసా?

జేసన్‌కు తెలిసినవి ఆరే: ఆబ్జెక్టు, జాబితా, మాట, అంకె, అవునూ-కాదూ, శూన్యం. తేదీ లేదు. అందుకే పైథాన్‌లో తేదీ ఉన్న ఆబ్జెక్టును సొంత పనిముట్టుకు ఇస్తే ‘ఇది నా వల్ల కాదు’ అని మొహం మీదే చెప్పి ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ ఆగదు. నవ్వుతూ ఒప్పుకుని, తేదీని గ్రీన్విచ్ కాలానికి మార్చి రాసిపెడుతుంది. ఈ రెండింట్లో నాకు మొదటిదే నచ్చుతుంది.

ఎందుకంటే, నేను పనిచేసిన ఒక చోట సిబ్బంది పుట్టినరోజుల పట్టిక ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి పంపాం. తెల్లారేసరికి అందరి పుట్టినరోజులూ ఒకరోజు ముందుకు జరిగాయి. ఒకావిడకు ముందురోజే కేకు వచ్చింది, ఆవిడ వద్దనలేదు. తప్పు నాదే. పుట్టినరోజును ప్రోగ్రాము ‘ఆ రోజు అర్ధరాత్రి సున్నా గంటలు’ అని ఉంచుకుంది. మన గడియారం గ్రీన్విచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. వెనక్కి లెక్కేస్తే ముందురోజు సాయంత్రం ఆరున్నర. అవతలి ప్రోగ్రాము గంటలు కొట్టేసి తేదీ మాత్రం ఉంచుకుంది.

ఇదే లెక్కన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టిన 2000 నవంబర్ 1ని జావాస్క్రిప్ట్‌కు ఇస్తే, జేసన్‌లో అక్టోబర్ 31, 18 గంటల 30 నిమిషాలు అని పడుతుంది. ఆ సాయంత్రానికి చరోదా ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది!

జీఎస్‌టీవాళ్ళు దీనికి మన ఇంటి పద్ధతిలో విరుగుడు చేశారు. తేదీని తేదీగా పంపొద్దు, రోజు, నెల, సంవత్సరం మధ్యలో గీతలు పెట్టి మాటగా పంపమన్నారు. మాటకు గడియారం ఉండదు.

‘చరోదా’ అన్న మూడక్షరాలు 30 అక్షరాలు కాగలవని?

మన కంటికి చ, రో, దా. మూడు. యూనికోడ్‌కు ఐదు, ఎందుకంటే ఓత్వం, దీర్ఘం విడివిడి గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, కాబట్టి 15 బైట్లు. పైథాన్ జేసన్ పనిముట్టును ఏమీ చెప్పకుండా వదిలేస్తే అది ఇంగ్లిషు అక్షరాలు తప్ప మరొకటి ముట్టదు. ప్రతి గుర్తునూ వెనక్కి వాలిన గీత, యూ అక్షరం, ఆపైన నాలుగు గుర్తుల సంకేతంగా మారుస్తుంది. ఐదు ఆర్లు ముప్ఫై. ‘చ’కు సున్నా-సీ-ఒకటి-ఏ. తెలుగు మొత్తం సున్నా-సీ అనే వీధిలోనే ఉంటుంది, 128 ఇళ్ళు.

తప్పేమీ జరగదు, విప్పితే మళ్ళీ చరోదాయే వస్తుంది. కానీ మొదటిసారి ఆ ఫైలు తెరిచి చూసిన తెలుగువాడి గుండె గుభేలుమంటుంది. ‘ఎన్షూర్ ఆస్కీ’ అనే మీటను ఆపితే తెలుగు తెలుగులాగే ఉంటుంది, చోటు కూడా సగానికి తగ్గుతుంది. జావాస్క్రిప్ట్ మాత్రం మొదటి నుంచీ మన అక్షరాలను మన అక్షరాల్లాగే రాస్తుంది.

పైథాన్‌లో ఊరగాయ ఉందని మీకు తెలుసా?

పేరే ‘పికిల్’. ఆబ్జెక్టును ఉప్పూ కారం పట్టించి జాడీలో పెట్టినట్టు నిలవ చేస్తుంది. జేసన్ మొయ్యలేని తేదీలూ, సొంత క్లాసులూ, అడ్డదిడ్డపు చుట్టరికాలూ అన్నీ మోస్తుంది. అయితే పైథాన్ ఇంట్లో తప్ప మరో ఇంట్లో మూత రాదు. ఇంకో ప్రమాదం, మూత తీస్తున్నప్పుడే లోపలున్న ఆజ్ఞలు నడవగలవు. ఎవడో దుర్మార్గుడు పెట్టిన జాడీ తెరిస్తే మీ కంప్యూటర్ వాడిదవుతుంది. పైథాన్‌వాళ్ళే తమ పత్రాల్లో ఈ హెచ్చరిక రాసి పెట్టారు. పార్వతీపురం నుంచి అత్తయ్య పంపిన ఆవకాయ జాడీ కళ్ళు మూసుకుని తెరుస్తాం. స్టేషన్‌లో ఎవరో వదిలేసిన జాడీ తెరుస్తామా?

జేసన్‌కు ఈ భయం తక్కువ, ఎందుకంటే దాంట్లో సమాచారమే తప్ప ఆజ్ఞలుండవు. కానీ ఒకప్పుడు దానికీ ఉండేది. జావాస్క్రిప్ట్ ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్‌లో, 2009 డిసెంబర్‌లో ఐదో కూర్పు వచ్చేదాకా, సొంత జేసన్ పనిముట్టు లేదు. చాలామంది వచ్చిన అక్షరాలను ‘ఇవాల్’ అనే ఫంక్షన్‌కు ఇచ్చేవారు. వచ్చింది ఏదైతే అది నడిపెయ్యడమే ఇవాల్ పని. అంటే జేసన్ పేరు మీద ఊరగాయ జాడీలే తెరిచారు అన్నేళ్ళూ.

గో భాషలో తెలుగు పేరు పెడితే ఆ డబ్బా యార్డు దాటదని?

ఏది బండెక్కాలి, ఏది దిగిపోవాలి అనేది ఒక్కో భాష ఒక్కోలా తేలుస్తుంది. పీహెచ్‌పీ బహిరంగంగా ప్రకటించినవే పంపుతుంది. డాట్‌నెట్‌లో 2019లో వచ్చిన కొత్త పనిముట్టు ప్రాపర్టీలనే చూస్తుంది, ఒట్టి ఫీల్డులను విడిగా చెబితే తప్ప పట్టించుకోదు. జావాస్క్రిప్ట్ ఫంక్షన్లను చప్పుడు చెయ్యకుండా దింపేస్తుంది.

గో భాష నియమం విచిత్రం. పేరు పెద్ద అక్షరంతో మొదలైతేనే బయటికి పోతుంది. చిన్న అక్షరమైతే లోపలే. ఇంగ్లిషుకు సరే. తెలుగులో పెద్దబడి అక్షరాలూ చిన్నబడి అక్షరాలూ ఎక్కడున్నాయి? ‘పడవ’ అని ఫీల్డుకు పేరు పెడితే గో ఒప్పుకుంటుంది గానీ జేసన్‌లో పంపదు. ‘చరోదా’ అని పెడితే అసలు ఒప్పుకోనే ఒప్పుకోదు, ఎందుకంటే గుణింతపు గుర్తులను అది అక్షరాలుగా లెక్కెయ్యదు. తలకట్టు తప్ప మరో గుణింతం లేని మాటలే తెలుగంతా అయితే తప్ప మనకు గోలో పని లేదు. పైథాన్ 3 ఇందులో మర్యాదస్తురాలు, చరోదా అని నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

చిల్లర సంగతులు, నడుస్తూ నడుస్తూ

తండ్రి ఆబ్జెక్టులో కొడుకు, కొడుకు ఆబ్జెక్టులో తండ్రి ఉంటే జేసన్ పనిముట్టు ‘గుండ్రంగా తిరుగుతోంది’ అని చేతులెత్తేస్తుంది. డబ్బాలో బండి వివరం, బండిలో డబ్బాల వివరం పెట్టినా అంతే.

అంకె 9,00,71,99,25,47,40,992 దాటితే జావాస్క్రిప్ట్ ఆఖరి అంకెలను తన ఇష్టానికి గుండ్రం చెయ్యగలదు. 2010లో ట్విట్టర్ తన సందేశాల నంబర్లు అంత పొడుగు కాబోతున్నాయని తెలిసి, ప్రతి నంబరునూ అంకెగా ఒకసారి, మాటగా ఇంకోసారి పంపడం మొదలెట్టింది. డబ్బా 11 అంకెలకూ ఆధార్ 12 అంకెలకూ ఆ గండం లేదు.

పైథాన్‌లో 1, 2, 3 అని అంకెలను పేర్లుగా పెట్టి పంపితే అవతల ‘1’, ‘2’, ‘3’ అనే మాటలై దిగుతాయి. జేసన్‌లో పేరు మాటే అయి తీరాలి మరి.

జాబితా ఆఖరి వస్తువు తరవాత కామా పెట్టారా, చెల్లదు. మన అలవాటు ఏమో ఎప్పుడూ ఒక కామా ఎక్కువే.

ఇంత వాడకం ఉన్న జావా భాష ప్రామాణిక గ్రంథాలయంలో జేసన్ పనిముట్టు లేదు. జాక్సన్, జీసన్ లాంటివి బయటి నుంచి తెచ్చుకుంటారు. పైథాన్‌లో 2008 నుంచి ఇంట్లోనే ఉంది, పీహెచ్‌పీలో 2006 నుంచి.

ఆఖర్న ఒకటి, మామయ్య సంగతి

పోయినసారి చరోదా వెళ్ళినప్పుడు, రిటైరై ఇంట్లో ఉన్న ఆయనకు నా పని ఏమిటో చూపిద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. ఒక డబ్బా వివరాలు నోటికొచ్చినట్టు కొట్టి జేసన్ చేశాను. నంబరు 30110812645. పైథాన్‌తో విప్పించాను, విప్పింది. జావాస్క్రిప్ట్‌తో విప్పించాను, విప్పింది. గోతో కూడా. ‘చూశావా మావయ్యా, ఏ యార్డులో అయినా దిగుతుంది’ అన్నాను.

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి తెర దగ్గరికి వంగాడు. పెదవులు కదిలాయి. పదిహేను, నలభై ఐదు, పదకొండు, యాభై ఆరు.

‘ఈ డబ్బా లేదురా’ అన్నాడు. ‘సివర నాలుగుండాల.’